వైద్యుడు అడుగవలసిన ప్రశ్న



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము మద్యపానము. అయినను మద్యపానమువలన సంసారములు కూలిపోవుటను గూర్చి గాని, మద్యనిషేధ శాసనముల గుణదోషములను గూర్చి గాని విస్తరించి చెప్పుట నా యుద్దేశము గాదు. అవి పెద్దలు పలుమారు చెప్పినవి, చెప్పదగినవే. నేను చెప్పదలచినది వానికంటె చిన్న విషయము, కాని ఆచరణకు మిక్కిలి చేరువయైనది. జ్వరమనియో, కడుపుమంట యనియో, నిద్ర పట్టుట లేదనియో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన ప్రతి వయోజనుని, అతని వాలకముతో నిమిత్తము లేకుండ, కులమును హోదాను చూడకుండ, మద్యము సేవించు అలవాటున్నదా, ఉన్నయెడల ఎంత, ఎన్నాళ్ల కొకమారు అని మర్యాదగా అడుగుట వైద్యధర్మమున భాగము కావలెనని నా మనవి. నాడి చూచుట యెట్టిదో, రక్తపోటు కొలుచుట యెట్టిదో, ఇదియు నట్టిదే కావలెను.

ఉదయము ఓ.పి. చీటీ చేతబట్టుకొని ఆసుపత్రి వసారాలో కూర్చున్నవారిని ఒక్కమారు మనస్సునకు తెచ్చుకొనుడు. ఒకనికి బి.పి. మాత్రలు నెలల తరబడి మ్రింగుచున్నను బి.పి. దిగుట లేదు. ఇంకొకనికి కడుపులో మంట; గ్యాసు మాత్ర వాడినన్నాళ్లు తగ్గి, మానగానే మరల మొదలగుచున్నది. వేరొకడు మోటారు సైకిలు మీదినుండి పడి మోకాలు చీల్చుకొని వచ్చినాడు. మరియొకడు క్షయరోగమునకు మందులు వాడుచు నడుమ నడుమ మానివేయుచున్నాడు. ఒక నడివయస్కుడు రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చి తెల్లవారువరకు దొర్లుచున్నాడు. వీరందరును త్రాగువారని నేననుట లేదు. కాని ఈ బాధలలో ప్రతిదాని వెనుకను మద్యము దాగియుండుట కవకాశము గలదని వైద్యశాస్త్రము నిశ్చయించి చెప్పుచున్నది. మద్యము రక్తపోటును పెంచును. అధికముగా త్రాగువాడు తగ్గించినచో ఆ పోటు దిగును. మద్యము జీర్ణాశయపు లోపొరను దెబ్బతీయును. తొలిజాము నిద్రను త్వరగా తెచ్చి, మలిజాము నిద్రను చెడగొట్టును. మితిమీరి త్రాగువానికి క్షయ సోకుట కవకాశము సుమారు మూడు రెట్లు పెరుగుటయే గాక, క్షయకు వాడు మందులును మద్యమును కలిసి కాలేయమునకు హాని చేయును. ఇట్టి స్థితిలో అడుగని వైద్యుడు మాత్ర పెంచును. అడిగిన వైద్యుడు కారణము నెరుగును.

లోకములో త్రాగువారిని మనము రెండే తరగతులుగా విభజించి చూచుట పరిపాటి యైనది. త్రోవలో పడిపోవువాడు, పెండ్లాము పుస్తెలు తాకట్టు పెట్టువాడు, అతడు తాగుబోతు. తక్కినవారందరును ఏదో అప్పుడప్పుడు పుచ్చుకొను మర్యాదస్థులు. ఈ విభాగము కంటికి సులభమైనదే గాని ఆరోగ్యదృష్టికి సరిపడదు. వైద్యులు ఈ విషయమును మెట్లు మెట్లుగా చూతురు. ఇంకను ఏ హానియు కలుగకున్నను ముందు కలుగుటకు తగినంతగా త్రాగువాడు ఒక మెట్టున నున్నాడు. ఇదివరకే దేహమునకో మనస్సునకో హాని తెచ్చుకొన్నవాడు రెండవ మెట్టున నున్నాడు. త్రాగక నిలువజాలని స్థితికి వచ్చి, మద్యమునకు వశుడై, దానికి బానిసయైనవాడు మూడవ మెట్టున నున్నాడు. మన చూపంతయు ఆ కడపటి మెట్టు మీదనే యుండగా, మొదటి రెండు మెట్ల మీద నున్నవారు లెక్కకు అంతకంటె ఎక్కువమంది. ఒక్కొక్కరికి కలుగు హాని కొంచెమైనను, వారు పెక్కుమంది యగుటచేత సమాజమున కూడిన నష్టము మొత్తములో వారి పాలు పెద్దదిగా నుండునని ఆరోగ్యగణకులు 1980ల నుండి చూపుచున్నారు. పైరు నిలువున ఎండిన పిమ్మట పురుగు పట్టినదని గ్రహించు రైతుకంటె, ఆకు పచ్చగా నున్నపుడే దానిని తిరుగవేసి చూచు రైతు పంటను దక్కించుకొనును. ఆ తిరుగవేసి చూచుటయే నేడు నేను చెప్పుచున్న ప్రశ్న.

ఈ విషయము మన దేశమున కెంత యవసరమో కొన్ని అంకెలు చెప్పగలవు. కేంద్ర ప్రభుత్వపు సామాజికన్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపి 2019లో ప్రకటించిన జాతీయ పరిశీలన ప్రకారము, 10 మొదలు 75 సంవత్సరముల వయస్సు గలవారిలో 14.6 శాతము, అనగా సుమారు 16 కోట్లమంది, మద్యము సేవించుచున్నారు. వారిలో 5.7 కోట్లమందికి ఏదో యొక సహాయము కావలసియున్నది, అందును 2.9 కోట్లమంది బానిసలైనవారు. ఆ బానిసలైన వారిలోనైనను ఏ విధమైన చికిత్సయైన పొందినవారు 38 మందిలో ఒక్కడు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో తెలంగాణ రాష్ట్రమున 15 ఏండ్లు దాటిన పురుషులలో 43 శాతము మంది మద్యము పుచ్చుకొందుమని చెప్పిరి. దేశము మొత్తమున చూడగా ఆ సంఖ్య 19 శాతము. ప్రపంచమున 2019వ సంవత్సరమందు మద్యకారణమున సంభవించిన మరణములు 26 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంతటి సమస్యకు ఎదురుగా మన ఆసుపత్రులలో జరుగు విచారణ యెంత స్వల్పమో ఆ 38 మందిలో ఒక్కడే మనకు తెలుపుచున్నాడు.

తెలుగుదేశమునకు ఈ విషయమున ఒక ఘనమైన చరిత్ర గలదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగుచున్న దినములలో, రాత్రిబడులలో నాలుగక్షరములు నేర్చిన స్త్రీలు తమ బ్రతుకులను గూర్చి తామే మాటాడుకొనుట మొదలుపెట్టిరి. 1992లో దూబగుంట గ్రామమునుండి లేచిన వారి కంఠము జిల్లాలు దాటి వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీన సారా అమ్మకము నిషేధింపబడుటకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటకును కారణమైనది. రెండేండ్లు గడచిన పిమ్మట 1997లో ఆ నిషేధము సడలింపబడినది. శాసనములు వచ్చును, పోవును. ప్రభుత్వముల ఆదాయ వ్యయములతో వానికి సంబంధముండును. దుకాణము తెరచియున్నను మూసియున్నను, ఆసుపత్రికి వచ్చిన రోగి మాత్రము వైద్యుని యెదుటనే యుండును. దూబగుంట స్త్రీలు అంగడి యెదుట నిలిచి అడిగిన ప్రశ్న ఒకటి; వైద్యుడు తన గదిలో అడుగవలసిన ప్రశ్న వేరొకటి. ఆ రెండవదానికి ఏ శాసనమును అడ్డు గాదు, ఏ శాసనముతోను పనిలేదు.

ఆ ప్రశ్నకు శాస్త్రరూప మెట్లు కలిగినదో కొంచెము చెప్పెదను. 1977లో గ్రిఫిత్ ఎడ్వర్డ్సు అను మానసిక వైద్యుడు తన సహచరులతో కూడి లండనులో చేసిన యొక పరిశోధన వైద్యలోకమును ఆలోచింపజేసినది. మద్యమునకు లోబడిన నూరుగురు వివాహిత పురుషులలో కొందరికి సంవత్సరకాలము సంపూర్ణ చికిత్స జరుపగా, తక్కినవారికి భార్యాసమేతముగా ఒక్కమారు కూర్చుండబెట్టి స్పష్టమైన సలహా మాత్రము చెప్పిరి. సంవత్సరాంతమున చూడగా ఆ రెండు వర్గముల స్థితిలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. చికిత్స వృథా యని దీని తాత్పర్యము గాదు. తగిన వేళ, తగిన రీతిని చెప్పిన మాటకు మందుతో సమానమైన బలముండవచ్చునని దీని తాత్పర్యము.

మాట చెప్పుటకు ముందు ఎవరికి చెప్పవలెనో తెలియవలెను గదా. అందుకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా యను ఆరు దేశములలో ఒక సమష్టి పరిశోధన నారంభించినది. ఒకదానితో నొకదానికి పోలిక లేని ఈ దేశములను ఎన్నుకొనుటలో గొప్ప దూరదృష్టి యున్నది. ఒక దేశపు ఆచారమునకు మాత్రమే చెల్లు ప్రశ్న మరియొక దేశమున చెల్లదు. సాధారణ ఆసుపత్రులకు వచ్చిన 1,888 మందిని పరీక్షించి, ఏ ప్రశ్నలు మద్యపు కీడును తొలిదశలోనే పట్టి యిచ్చుచున్నవో ఏరి, పది ప్రశ్నల పట్టిక నొకదానిని తయారుచేసిరి. దానిని ‘ఆడిట్’ అని వ్యవహరింతురు. మొదటి మూడు ప్రశ్నలు ఎన్నాళ్లకు, ఎంత, ఒక్క మారే అధికముగా త్రాగుట ఎంత తరచు అను పరిమాణమును గూర్చినవి. తరువాతి మూడు వశత్వమును గూర్చినవి: మొదలుపెట్టిన పిమ్మట ఆపలేకపోవుట, చేయవలసిన పని చేయలేకపోవుట, తెల్లవారగానే త్రాగవలసివచ్చుట. కడపటి నాలుగు హానిని గూర్చినవి: పశ్చాత్తాపము, రాత్రి జరిగినది మరచుట, తనకో పరులకో దెబ్బ తగులుట, ఆప్తులో వైద్యులో తగ్గించుకొమ్మని చెప్పియుండుట. ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు నాలుగు మార్కులు, మొత్తము నలువది. ఎనిమిదియు అంతకు మించియు వచ్చినవారి విషయమున వైద్యుడు జాగరూకుడు కావలెను.

ఇచ్చట కొలతను గూర్చి ఒక మాట చెప్పక తీరదు. ఏలయన ‘కొంచెము’ అను మాటకు పరిమితి లేదు. పది గ్రాముల శుద్ధమద్యమును ఒక ప్రమాణముగా శాస్త్రజ్ఞులు లెక్కింతురు. మన దేశమున అమ్ము బ్రాందీ, విస్కీలలో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఇంచుమించు ఆ ఒక్క ప్రమాణమునకు సమానము. కావున 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా ఆరు ప్రమాణములు. ‘ఆడిట్’లోని మూడవ ప్రశ్న ఒక్క పూటలో ఆరు ప్రమాణములు గాని అంతకు మించి గాని త్రాగుట ఎంత తరచు అని అడుగును, అనగా మన పల్లెలో, మన పట్టణములో, ‘ఏమున్నది, ఒక్క క్వార్టరే గదా’ అని తేలికగా చెప్పుకొను ఆ ఒక్క సీసాయే ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిపానమని గీచిన గీత. 650 మిల్లీలీటర్ల సాధారణపు బీరు సీసా సుమారు రెండున్నర ప్రమాణములు. స్ట్రాంగు బీరయినచో నాలుగు వరకు పోవును. కల్లు బలము చెట్టునుబట్టియు, వేళనుబట్టియు, పులిసిన కాలమునుబట్టియు మారును గావున ఎన్ని గ్లాసులో, ఏ పూట దించినదో అడిగి అంచనా కట్టవలెను. కల్లు మద్యము గాదను భ్రమ తెలంగాణ పల్లెలలో స్త్రీపురుషుల కిరువురకును గలదు. కావున ‘మందు త్రాగుదువా’ అని మాత్రమే అడిగినచో, లేదని నిజముగానే చెప్పుదురు. కల్లును పేరు పెట్టి అడుగవలెను.

వ్యవధి లేనిచోట ఆ పదింటిలో మొదటి మూడు ప్రశ్నలే చాలును. అందుకు మొత్తము పండ్రెండు మార్కులు. పురుషునికి నాలుగు, స్త్రీకి మూడు వచ్చినచో తక్కిన ప్రశ్నలు అడుగవలెను. ఒక యుదాహరణ చూతము. వారము పొడుగున ఒళ్లు వంచి పనిచేసి, శనివారము కూలి డబ్బు చేతికందగానే స్నేహితులతో ఒక క్వార్టరు త్రాగి, గొడవ చేయక ఇల్లు చేరి పడుకొను గృహస్థు నొకనిని తలచుకొనుడు. వీథిలో ఎవరును అతనిని తాగుబోతు అనరు, తానును అనుకొనడు. నెలకు నాలుగుమార్లు త్రాగుచున్నందుకు రెండు, పూటకు ఆరు ప్రమాణము లైనందుకు రెండు, ఆ అతిపానము వారమువారము జరుగుచున్నందుకు మూడు; కూడగా ఏడు. ఉండవలసిన హద్దు నాలుగుకంటె తక్కువ. ఇతనిని మన ప్రస్తుత పద్ధతులు పట్టుకొనలేవు. గ్రామములలో ఆశ కార్యకర్తలు 30 ఏండ్లు దాటిన వారి యిండ్లకు పోయి బి.పి., షుగరుల కొరకు నింపు పత్రములో మద్యమును గూర్చి ఒక ప్రశ్న యుండుట సంతోషింపదగిన విషయమే. కాని ఆ ప్రశ్న ప్రతిదినము త్రాగుదురా అని. శనివారపు మనిషి లేదని చెప్పును, అబద్ధము గాదు. ఆ గడిలో సున్న పడును. అతడు ఆరోగ్యవంతుల లెక్కలో చేరిపోవును. ఆ ఒక్క ప్రశ్న స్థానమున ఈ మూడు ప్రశ్నలు చేర్చుట పెద్ద వ్యయముతో కూడిన పని గాదు.

ఏమడుగవలెనో చెప్పితిని, ఎట్లడుగవలెనో చెప్పుట అంతకంటె ముఖ్యము. మొదటి నియమము, అందరిని అడుగుట. కూలివానిని అడిగి ఉపాధ్యాయుని విడిచినచో, అడుగబడుటయే అవమానమగును. అందరిని అడిగినచో అది ఆనవాయితీ యగును. రెండవది, ఏకాంతమున అడుగుట. భార్య ప్రక్కన నిలుచుండగా, వెనుక పదిమంది చెవులు రిక్కించి యుండగా ఎవడును నిజము చెప్పజాలడు; స్త్రీని అడుగునపుడు ఈ జాగ్రత్త మరింత యవసరము. మూడవది, తక్కిన ఆరోగ్య విషయములతో కలిపి అడుగుట. ఉప్పెంత, పొగాకున్నదా, నిద్ర ఎట్లున్నది అని అడిగిన వరుసలోనే ఇదియు రావలెను. నాలుగవది, కంఠములో తీర్పు లేకుండుట. ‘తాగుతావా?’ అని నిలదీసిన వైద్యునికి ‘లేదు సార్’ అను సమాధానమే దక్కును. అట్లుగాక ఒక నర్సు ఇట్లు అడిగినచో ఎట్లుండునో వినుడు: “వచ్చినవాళ్లందరినీ అడుగుతున్నాం అన్నా, మిమ్మల్నీ అడుగుతున్నాను. బి.పి. మందు సరిగా పనిచెయ్యాలంటే మాకు తెలియాలి. బీరు గానీ, బ్రాందీ గానీ, కల్లు గానీ తీసుకుంటుంటారా?” దానికి “రోజూ కాదమ్మా, సంతనాడు ఓ క్వార్టరు” అని బదులు వచ్చును. ఆ ఒక్క వాక్యములో వైద్యునకు కావలసినదంతయు నున్నది. రోగులు నిజము చెప్పరని నిరాశపడు వైద్యులు, తమ ప్రశ్నలో నిందారోపణ ధ్వనించుచున్నదేమో యని ఒక్కమారు పరికించుకొందురు గాక.

అడిగి వ్రాసికొని ఊరకుండుట చాలదు. ‘ఆడిట్’లో ఏడు వరకు వచ్చినవారికి ఒక మంచిమాట చాలును. ఎనిమిది మొదలు పదునైదు వరకు వచ్చినవారికి అక్కడనే సూటియైన సలహా యీయవలెను. పదునారు మొదలు పందొమ్మిది వరకు వచ్చినవారిని మరల మరల పిలిచి మాటాడి గమనించుచుండవలెను. ఇరువదియు అంతకు మించియు వచ్చినవారిని మానసిక వైద్యుని యొద్దకు, జిల్లా ఆసుపత్రికి పంపవలెను. సూటియైన సలహాకు అయిదు మొదలు పది నిమిషములు పట్టును. అందు మొదట, అతని మార్కులేమో, వానికిని అతడు వచ్చిన బాధకును గల సంబంధమేమో తెలియజెప్పవలెను, బి.పి. దిగకపోవుటకు సంతనాటి సీసా కారణము కావచ్చునని విన్నపుడు, నరకమునకు పోదువని విన్నప్పటికంటె మనుష్యుడు శ్రద్ధగా వినును. పిమ్మట తగ్గింపుమని గాని మానుమని గాని సందేహమునకు తావు లేకుండ చెప్పవలెను. నిర్ణయము అతనిదేయని ఒప్పుకొనవలెను. మార్గములు కొన్ని అతని యెదుట పెట్టి, తనకు వీలైనదానిని అతనినే ఎన్నుకొననీయవలెను: కూలి డబ్బు మొదట ఇంట నిచ్చి తరువాత బజారునకు పోవుట, దుకాణమున్న త్రోవ విడిచి వేరొక త్రోవను నడచుట, సాయంకాలము ఆకలి తీర భుజించుట, త్రాగనివారి సాంగత్యమున ఆ పూట గడపుట. కట్టకడపట, నీవు చేయగలవను నమ్మకము కలుగజేసి, మరల ఎన్నడు రావలెనో తేదీ చెప్పి పంపవలెను. గర్భిణులకును, కాలేయవ్యాధి గలవారికిని, క్షయ మందులు వాడువారికిని, బండి నడుపబోవువారికిని మాత్రము తగ్గింపు మాట చెప్పరాదు. పూర్తిగా మానుటయే మార్గము. తక్కినవారికైనను, హాని యేమాత్రము లేని పరిమాణమనునది లేదనియు, తగ్గినకొలది మేలనియు నేటి శాస్త్రము చెప్పుచున్నది.

ఇంత స్వల్పమైన మాటవలన ఫలముండునా యను సంశయము న్యాయమైనదే. ఈ విషయమున జరిగిన 69 పరిశోధనలను కూడదీసి 2018లో ప్రకటించిన కోక్రేను సంస్థవారి సమీక్ష, ఇట్టి సలహా పొందినవారు సంవత్సరము పిమ్మట సగటున వారమునకు 20 గ్రాముల మద్యము తక్కువగా త్రాగుచుండిరని తేల్చినది. అనగా రెండు చిన్న పెగ్గులు. ఒక మనుష్యుని విషయమున ఇది కొంచెమే. ఊరూర వచ్చు లక్షలాది రోగులకు ఈ కొంచెము చేరినచో కొంచెముగా మిగులదు. దీర్ఘసంభాషణలవలన ఇంతకంటె ఎక్కువ లాభము కనబడలేదని కూడ ఆ సమీక్షయే చెప్పుచున్నది. కాలము చాలని వైద్యునకు ఇది ఊరట.

మన దేశపు నిదర్శన మింకను ఆశాజనకము. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, ‘ఆడిట్’లో 12 మొదలు 19 వరకు మార్కులు వచ్చిన 377 మంది పురుషులపై అభిజిత్ నద్కర్ణి, విక్రమ్ పటేల్ ప్రభృతులు జరిపిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఇందు మాటాడినవారు వైద్యులు గారు, మానసిక శాస్త్రపట్టభద్రులు గారు. శిక్షణ పొందిన సామాన్యులు. నాలుగు మార్లకు మించకుండ, ఒక్కొక్క మారు అరగంట మొదలు ముప్పాతిక గంట, వారు రోగితో మాటాడిరి. మూడు నెలల పిమ్మట మార్కులు ఎనిమిదికి దిగువకు వచ్చినవారు ఆ వర్గమున 36 శాతము, సాధారణ చికిత్స మాత్రమే పొందినవారిలో 26 శాతము. సంవత్సరము పిమ్మట ఆ వర్గమున 54 శాతము, రెండవ వర్గమున 32 శాతము. వైద్యునకు తీరిక లేదనునది గట్టి యాక్షేపణయే. గోవా దానికి సమాధానము. అడుగు పని నర్సు చేయవచ్చును. మాటాడు పనికి మన ఏ.ఎన్.ఎం.లను, ఆశ కార్యకర్తలను, ఊరిలోనే పుట్టి పెరిగిన చదువరులను శిక్షణ యిచ్చి సిద్ధపరుపవచ్చును. వైద్యుడు ఆ పత్రమును చూచి ఒక్క వాక్యము చెప్పుటకు తీరిక లేకుండునా?

ఇచ్చట శ్రోతలకు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చాలకాలము ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఎవరో యొట్టు పెట్టిరని ఒక్క దినమున మానివేయుట అపాయకరము. చేతులు వణకును, చెమటలు పోయును, వాంతులగును, ఒకటి రెండు దినములలో ఫిట్సు రావచ్చును, రెండు మొదలు నాలుగు దినములలో మతి చలించి, లేనివి కనబడుచున్నవని కేకలు వేయు స్థితి రావచ్చును, అది ప్రాణాపాయకరము. దీనిని గాలియనియు దయ్యమనియు భ్రమించి ఆలస్యము చేయరాదు. ఆసుపత్రిలో మందులతో ఈ దశను సురక్షితముగా దాటింపవచ్చును. పల్లెలలో ఇట్టివానికి వెంటనే గ్లూకోజు సెలైను ఎక్కించుట పరిపాటి. దానికి ముందు బి1 విటమిను సూది పడవలెను, లేనిచో మెదడునకు హాని కలుగవచ్చును. మరియొకటి. త్రాగుడు మాన్పించు మందని, అతనికి తెలియకుండ కూరలో కలిపి పెట్టు స్త్రీలు పలువురున్నారు. వారి దుఃఖము నేనెరుగుదును. ఆ దుఃఖమే వారి చేత ఆ పని చేయించుచున్నది. కాని ఆ మందు కడుపులో నుండగా అతడు మద్యము త్రాగినచో రక్తపోటు పడిపోయి గుండెకు ముప్పు రావచ్చును. అతని సమ్మతి లేక, వైద్యుని పర్యవేక్షణ లేక దానిని వాడరాదు.

అడుగుటకు వైద్యులు జంకుటలో ఇంకొక కారణము గలదు: త్రాగుడు వ్యసనము గదా, అది నీతికి సంబంధించిన విషయము గదా, మనకేల యని. షుగరు రోగిని తీపి తిన్నావా అని అడుగుటకు సంకోచింపని మనము ఇచ్చట సంకోచించుచున్నాము. నీతివిచారము చేయుటకు సమాజమున ఇతరులున్నారు. సిగ్గుచేత మూసికొన్న నోటిని తెరిపింపగల అధికారము, తెరచిన పిమ్మట విన్నదానిని గుప్తముగా నుంచు బాధ్యత, వైద్యునికే గలవు. రోగి వ్రాయించిన ఆ మార్కులు ఇరుగుపొరుగుల కంటబడినచో, ఆ యూర మరియెవ్వరును ఆ ప్రశ్నకు నిజము చెప్పరు. కావున ఆ కాగితమును భద్రపరచుట చికిత్సలో భాగమే.

ఇక ముగింతును. రోగులకు నా మనవి: వైద్యుడు అడిగినచో దాచకుడు; అడుగకున్నచో మీరే చెప్పుడు. మీరు చెప్పు పరిమాణమునుబట్టి మందు మారవచ్చును, మోతాదు మారవచ్చును, ఒక్కొక్కపుడు మందుతో పనియే లేకపోవచ్చును. కుటుంబములవారికి నా మనవి: తిట్లవలన గాని ఒట్లవలన గాని మానలేనివానిని ఆసుపత్రికి తోడుకొనిపొండు, పోలేని పక్షమున 14416 అను టెలిమానస్ మానసికారోగ్య సంఖ్యకు గాని, 14446 అను జాతీయ సహాయ సంఖ్యకు గాని ఫోను చేసి మాటాడుడు, ఇందుకు రుసుము లేదు. వైద్యులకును ఆరోగ్యశాఖాధికారులకును నా మనవి: బి.పి. వ్రాయు గడి ప్రక్కన ఓ.పి. చీటీపై మరియొక గడి గీయించుడు. ఆ మూడు ప్రశ్నలు తెలుగులో అచ్చువేయించి నర్సు బల్లపై నుంచుడు. శిక్షణకు ఒక్క దినము కేటాయించుడు. హద్దు దాటినవారిని మరల పిలుచుటకు ఒక పుస్తకము పెట్టుడు. దీనికి క్రొత్త భవనము అక్కరలేదు, క్రొత్త యంత్రము అక్కరలేదు. 5.7 కోట్లమందికి సహాయము కావలసిన దేశమున, ఆ సహాయమునకు ద్వారము ఇదివరకే యున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. ఆ ద్వారము తెరచుట అచ్చటి వైద్యసిబ్బంది చేతిలోని పని. దానిని రేపటి ఓ.పి. నుండియే వారు మొదలుపెట్టవచ్చును.